పెద్ద చెరువు ఇవతల కూడా చరిత్ర ఉందండీ

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో విజయనగరం పాత కట్టడాల మీద వేసిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. 1713లో కట్టిన కోట, గంట స్తంభం, మూడు లాంతర్లు, 1919లో మొదలైన సంగీత కళాశాల, పైడితల్లి అమ్మవారి గుడి, అన్నీ బాగా రాశారు, ఫొటోలు కూడా బాగున్నాయి. కానీ పెద్ద చెరువు దాటి ఇవతలకి వచ్చేసరికి కంటోన్మెంట్ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, ఇక్కడ ఒకప్పుడు బ్రిటిష్ సైన్యం ఉండేదని. అంతే. అది చదివిన దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

నేను రిటైరైన టీచర్ని. 1956లో పుట్టాను. కంటోన్మెంట్ వైపున్న మా విచారణ గుడిలోనే నాకు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇచ్చారు, మా అమ్మ పెళ్ళి అక్కడే జరిగింది, మా తాతని అక్కడి సమాధుల తోటలోనే పెట్టాం. విచారణ అంటే మీ పాఠకుల్లో చాలామందికి కోర్టు గుర్తొస్తుంది గానీ, మా కథోలికుల్లో ఒక ఫాదర్ గారు చూసుకునే గుడి, దాని కిందికి వచ్చే పేటలు, పల్లెలు అన్నీ కలిపి విచారణ అంటాం. ఆ ఫాదర్ గారిని విచారణ గురువులంటాం. నా చిన్నప్పుడు పూజ లాటిన్‌లో ఉండేది, ఫాదర్ గారు మాకు వీపు చూపిస్తూ పీఠం వైపు తిరిగి చదివేవారు, మాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా మా మామ్మ ఆ లాటిన్ జవాబులన్నీ తన యాసలో తప్పుల్లేకుండా చెప్పేసేది. రోములో మా బిషప్పులంతా కూడిన వాటికన్ మహాసభ 1965లో ముగిశాక పూజ తెలుగులోకి వచ్చింది. మొదటిసారి తెలుగు పూజ విన్న రోజు మామ్మ గుడి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. సంతోషమో బెంగో నాకు అప్పుడు తెలీలేదు, ఇప్పుడు ఆలోచిస్తే రెండూ అయ్యుంటాయి.

అసలు ఈ పేట ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు గారు పోయాక ఈ ప్రాంతమంతా కంపెనీ పెత్తనం కిందికి వెళ్ళింది. ఊరు కోట చుట్టూ ఉంటే దండు చెరువుకి ఇవతల దిగింది. మా మామ్మ చివరి దాకా కంటోన్మెంట్ అనలేదు, దండు అనే అనేది. దండంటే మీ వ్యాసంలో ఉన్నట్టు తెల్ల దొరలే అనుకోకండి. మద్రాసు సైన్యంలో ఆఫీసర్లు తెల్లవాళ్ళయినా సిపాయిలు మనవాళ్ళే, తెలుగువాళ్ళు, తమిళులు, ముస్లింలు. పైగా ఆ సైన్యానికి ఒక పద్ధతి ఉండేది, సిపాయి ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊరికి పెళ్ళాం పిల్లలు, ముసలి తల్లి, కోళ్ళూ మేకలతో సహా అందరూ బండ్లు కట్టుకుని వెంట వెళ్ళేవారు. అందుకని దండు ఎక్కడ దిగితే అక్కడ ఒక చిన్న ఊరు తయారయ్యేది. వంటవాళ్ళు, చాకళ్ళు, గుర్రాల దగ్గర పనిచేసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, కుట్టుపనివాళ్ళు. డ్రమ్ములు కొట్టేవాళ్ళు, పిల్లనగ్రోవి లాంటి ఫైఫు ఊదేవాళ్ళు ఎక్కువగా క్రైస్తవులే ఉండేవారు, అదీ మద్రాసు సైన్యంలో ఉన్న ఆనవాయితీ. రెజిమెంటు వెళ్ళిపోయినప్పుడు కొందరు దానితో పాటు వెళ్ళారు, కొందరు ఇక్కడ పిల్లనిచ్చుకుని, పిల్లని తెచ్చుకుని ఉండిపోయారు. మా తాత వాళ్ళ తాత అలా ఉండిపోయిన వంటవాడే.

ఇక గుడి సంగతి. ఈ తీరంలో క్రైస్తవం గురించి ఎవరు రాసినా 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్ళతో మొదలుపెడతారు, అది సరే. వాళ్ళలో డెస్‌గ్రాంజెస్ అనే ఆయన ఆనందరాయరు సాయంతో సువార్తల్ని తెలుగులోకి తిప్పి, అచ్చు చూసుకోకుండానే 1810లో పోయారు, 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అవి అచ్చయ్యాయి. తరవాత శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరంలో కెనడా బాప్టిస్టులు బళ్ళు, ఆస్పత్రులు నడిపారు. సాలూరు, పార్వతీపురం వైపు జర్మన్ లూథరన్లు వచ్చారు. మన గంజాం వైపు నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఇప్పటికీ అన్ని సంఘాల వాళ్ళూ పాడుకుంటారు, మేమూ పాడతాం. వాళ్ళ సంగతి వాళ్ళలో పెద్దవాళ్ళు రాస్తే ఇంకా బాగుంటుంది.

మా కథోలిక ఫాదర్లు వచ్చింది 1846లో. ఆల్ప్స్ కొండల దగ్గర అన్నెసీ అనే ఊరి నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు నలుగురు, బ్రదర్లు ఇద్దరు విశాఖలో దిగారు. మా పెద్దలు వాళ్ళని ఫ్రెంచి ఫాదర్లనేవారు గానీ, వాళ్ళు బయల్దేరేనాటికి ఆ ఊరు ఫ్రాన్సుది కాదు, 1860లో గానీ అందులో కలవలేదు. 1849లో సెయింట్ జోసఫ్ సిస్టర్లు యానాంలో దిగారు. ఈ గుప్పెడు మంది చూసుకోవాల్సిన ప్రాంతం ఎంతనుకున్నారు, ఇటు గోదావరి దగ్గర్నుంచి అటు ఒరిస్సా కొండలు, పడమటికి నాగపూర్ దాకా. రైలు లేదు. ఎడ్లబండి, గుర్రం, లేకపోతే నడక. నలుగురిలో ఒకరైన టిస్సో గారు 1886లో విశాఖపట్నం మేత్రాసనానికి, అంటే ఒక బిషప్ గారు చూసుకునే ప్రాంతానికి, మొదటి బిషప్ అయ్యారు, 1890లో చనిపోయారు. మా శ్రీకాకుళం మేత్రాసనం విశాఖ నుంచి విడిపోయింది 1993 జులై 1న, అది నాకు బాగా గుర్తు, స్కూలుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ దాని కిందే ఉన్నాయి.

ఈ తేదీలన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. ఎక్కడా దొరకనివి మా గుడిలో పూజ సామాన్లు పెట్టే గదిలో ఒక చెక్క బీరువాలో ఉన్నాయి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ సంగతి మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మర్నాడు పొద్దున్న గాలి తగ్గాక నేనూ, ఫాదర్ గారికి సాయంగా ఉండి బోధ చేసే ఉపదేశి గారూ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ గుడికి వెళ్ళి చూస్తే ఆ గది పైపెంకులు సగం లేచిపోయి ఉన్నాయి, బీరువా తలుపు ఉబ్బిపోయి రావట్లేదు. గునపంతో తెరిచాం. లోపల పాత జ్ఞానస్నానాల పుస్తకాలు, పెళ్ళిళ్ళ పుస్తకాలు, చావుల పుస్తకాలు. కింది అరలోవి తడిసి ముద్దయిపోయాయి. కరెంటు లేదు, రోజుల తరబడి రాలేదు. గుడి మధ్యలో బెంచీలు జరిపి, కింద దుప్పట్లు పరిచి, ఒక్కో పేజీ మధ్యా మీ పత్రికల్లాంటి పాత పేపర్లు పెట్టి, విసనకర్రలతో విసురుతూ ఆరబెట్టాం. నాలుగు రోజులు పట్టింది. చేతులు నొప్పెట్టినప్పుడల్లా ఆగి చదివేదాన్ని. అప్పటి ఫాదర్ గారు లాటిన్ చదవడం చూపించారు, ఒకసారి తెలిస్తే కష్టమేం కాదు, ప్రతి పేరా ఒకే మూసలో ఉంటుంది. ఫలానా రోజున, ఫలానా వారి కొడుక్కి, పుట్టి ఇన్ని రోజులైన వాడికి, నేను జ్ఞానస్నానం ఇచ్చాను, జ్ఞాన తలిదండ్రులు ఫలానా. కింద సంతకం.

కొన్ని చోట్ల తండ్రి పేరు పక్కన పని కూడా రాశారు. కోక్వుస్ అంటే వంటవాడట. మీలెస్ అంటే సిపాయి. ఊళ్ళ పేర్లు దొరల పలుకుబడిలో ఉన్నాయి, శ్రీకాకుళం చికకోల్, భీమిలి బిమ్లిపటం. సిరా గోధుమరంగులోకి తిరిగిపోయింది. ఒక పేజీలో వరసగా పదకొండు చావులు, అన్నీ రెండు వారాల్లో, అందులో ఏడుగురు అయిదేళ్ళ లోపు పిల్లలు. ఏం జబ్బో రాయలేదు. ఆ పేజీలో సంతకం చివరికి వచ్చేసరికి వంకర పోయింది, రాసినాయన చెయ్యి వణికిందని తెలుస్తోంది. నేను ముప్పై ఏళ్ళు పిల్లల చేతిరాతలు దిద్దాను, అలిసిపోయిన చెయ్యి ఎలా రాస్తుందో నాకు తెలుసు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అవి పోతున్నాయి. మా ముందుతరం వాళ్ళకి పీటర్, పాల్ లేరు. పేతురుకి రాయప్ప, పౌలుకి చిన్నప్ప, జేవియర్‌కి శౌరి, ఇగ్నేషియస్‌కి ఇన్నాసి లేదా ఇన్నయ్య, జేమ్స్‌కి యాగప్ప, జోసఫ్‌కి జోజి. ఇవి అరవదేశం మీదుగా మనకొచ్చిన పేర్లు, దండుతో వచ్చిన కుటుంబాలు తెచ్చుకున్నవి కొన్ని, కోస్తా కథోలికుల్లో ముందే ఉన్నవి కొన్ని. పుస్తకంలో ఒకే పేజీలో ఒక శౌరి, ఒక అప్పలమ్మ, ఒక పైడయ్య కనిపిస్తారు. పైడయ్య ఎక్కణ్ణుంచి వచ్చాడో విజయనగరం వాళ్ళకి చెప్పాలా? పైడితల్లి పేరు పెట్టుకున్నవాడు జ్ఞానస్నానం పుచ్చుకుని పేరు మార్చుకున్నాడు, కానీ కొడుకు జ్ఞానస్నానానికి వచ్చినప్పుడు తండ్రి పేరు పైడయ్యనే రాయించాడు. ఈ ఊరి సంగతి ఇంత బాగా చెప్పే కాగితం ఇంకెక్కడుందండీ?

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి. 1908 నుంచి మా కథోలిక సభలో ఒక నియమం ఉంది, పెళ్ళి ఏ ఊళ్ళో జరిగినా అక్కడి ఫాదర్ గారు పెళ్ళికొడుకు, పెళ్ళికూతుళ్ళ జ్ఞానస్నానం జరిగిన గుడికి కబురు రాయాలి, ఇక్కడి ఫాదర్ గారు ఆ సంగతి వాళ్ళ పేరు పక్కన మార్జిన్‌లో ఎక్కించాలి. మా మామ్మకి ఒక అక్క ఉండేది. ఆవిడ గురించి ఇంట్లో మాట్లాడుకునేవారు కాదు. ఎవరైనా అడిగితే 'అది రంగం పోయింది' అనేవారు, అంతటితో ఆ మాట ఆగిపోయేది. రంగం అంటే రంగూన్, ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళందరికీ తెలిసిన మాటే, కలింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల నుంచి ఎంతమంది ఓడెక్కి వెళ్ళారో లెక్కలేదు. ఆ తుఫాను మర్నాడు తడిసిన పేజీ విడదీస్తుంటే మామ్మ అక్క పేరు కనిపించింది. పక్కన మార్జిన్‌లో వేరే సిరాతో, వేరే చేతిరాతతో రెండు వరుసలు. రంగూన్‌లో పెళ్ళయింది, తేదీ ఫలానా, భర్త పేరు ఫలానా. ఇంట్లో వాళ్ళు లేచిపోయిందనుకున్న మనిషి గుడిలో పదిమంది ఎదుట పెళ్ళి చేసుకుంది. ఆ కబురు సముద్రం దాటి ఈ గుడికి వచ్చింది, ఈ బీరువాలో కూర్చుంది, మా ఇంటికి మాత్రం రాలేదు. ఇల్లు నాలుగు వీధుల అవతలే. మామ్మ అప్పటికి పోయి చాలా ఏళ్ళయింది. 1942లో జపాను వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు వేలమంది తెలుగువాళ్ళు అడవుల్లో నడిచి వచ్చారు కదా, ఆ నడకలో ఈవిడ ఉందో లేదో నాకు తెలిసే దారి లేదు. కానీ ఆ రెండు వరుసలు దొరికాక నేను నవంబరు 2న, సకల ఆత్మల పండుగ నాడు, మామ్మ సమాధి మీద ఒక కొవ్వొత్తి ఎక్కువ వెలిగిస్తున్నాను.

ఆ పుస్తకం ఇంకో పూట తడిలో ఉండుంటే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు. అలాంటివి ఆ బీరువాలో ఎన్ని ఇళ్ళవి ఉన్నాయో ఆలోచించండి.

అవన్నీ క్రైస్తవుల ఇళ్ళే కదా, మిగతావాళ్ళకెందుకు అనుకునేవారు కూడా ఉంటారు. మా పేటలో పుట్టి పెరిగినవాళ్ళు ఎవరూ ఆ మాట అనరు. గుడి గంట రోజుకి మూడుసార్లు కొట్టేవారు, పొద్దున్న ఆరుకి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం ఆరుకి. మాకది త్రికాల జపం, పేట మొత్తానికి మాత్రం గడియారం. పన్నెండు గంట వినబడితే చాకిరేవులో వాళ్ళు అన్నానికి లేచేవారు. గంట స్తంభం ఊరివాళ్ళకి, మాకు ఇదే. పునీత అంతోనివారి పేరున చేసే నవనాళ్ళ ప్రార్థనలు మంగళవారం జరుగుతాయి, ఆ రోజు గుడికొచ్చే ఆడవాళ్ళలో సగానికి సగం హిందువులు, పోయిన వస్తువు దొరకాలనీ, పిల్లకి సంబంధం కుదరాలనీ కొవ్వొత్తి పెట్టి వెళ్తారు. బాబామెట్ట నుంచి ఒక పెద్దావిడ వచ్చేది, గుడి బయటే నిలబడి రెండు చేతులూ చాపి దువా చేసి వెళ్ళేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

మంగళవారం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. మన పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ కూడా దసరా తరవాత మంగళవారమే. ముందురోజు తొలేళ్ళ నాటి నుంచే పల్లెల జనం బండ్ల మీద, కాలినడకన దిగిపోయేవారు, ఊళ్ళో చోటు చాలక కొందరు ఇటు వచ్చేసేవారు. మా గుడి ఆవరణలో పెద్ద చింతచెట్టు, పక్కనే నుయ్యి. ఆ రెండు రోజులూ గేటు తాళం వేసేవారు కాదు. పల్లెల ఆడవాళ్ళు చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి వండుకునేవారు, పిల్లలు గుడి వరండాలో పడుకునేవారు, మంగళవారం పొద్దున్నే ఆ నూతి దగ్గరే స్నానాలు చేసి, పసుపు బట్టలు కట్టుకుని, అమ్మవారిని చూడ్డానికి వెళ్ళేవారు. నేను ఎనిమిదేళ్ళ పిల్లనప్పుడు తోడిపోసిన చేదలకి లెక్కలేదు. వెళ్ళేటప్పుడు ఒకావిడ నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. ఇప్పుడు నుయ్యి పూడ్చేశారు, చెట్టు హుద్‌హుద్‌కి పడిపోయింది, గేటుకి తాళం ఉంటోంది.

రైలు వచ్చాక పేట ఇంకో మలుపు తిరిగింది. 1890ల్లో తూర్పు తీరం లైను, 1909 నాటికి పార్వతీపురం లైను, అది పెరిగి పెరిగి 1931కి రాయపూర్ దాకా వెళ్ళింది. రైల్వేలో పనిచేసే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, గోవా వాళ్ళు, మలయాళీలు మా గుడికి వచ్చేవారు. క్రిస్మస్‌కి మా అమ్మ అరిసెలు వండితే వాళ్ళింటి నుంచి కేకు, గులాబీ పువ్వులనే పిండివంట వచ్చేవి. ఇప్పుడు అందరి ఇళ్ళలో రెండూ ఉంటున్నాయి, ఎవరిది ఎవరు నేర్చుకున్నారో పిల్లలకి తెలీదు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం దగ్గరికి వస్తాను.

కొన్నేళ్ళ కిందట మా వీధి చివర ఒకరింటికి వెళ్ళాను. దొడ్లో కుళాయి దగ్గర బట్టలుతికే రాయి ఉంది, నల్లగా, నునుపుగా, మంచి రాయి. ఆ ఇంటి కోడలు చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళు పడగానే రాయి మీద అక్షరాలు లేచాయి. పొడిగా ఉన్నప్పుడు ఏమీ కనపడదు, తడిస్తే మాత్రం గీతల్లో నీళ్ళు నిలిచి ఇంగ్లీషు అక్షరాలు మెరుస్తాయి. ఒక పిల్ల పేరు, వయసు ఒక సంవత్సరం నాలుగు నెలలు, కింద ఒక సిలువ గుర్తు. ఆ అమ్మాయికి తెలీదు పాపం, అత్తగారి కాలం నుంచీ ఉందంది. తెలిశాక బిందె అక్కడ పెట్టేసి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ రాయిని మా కుర్రాళ్ళు తోపుడు బండి మీద తెచ్చి సమాధుల తోటలో గోడకి ఆనించి నిలబెట్టారు. దాని బదులు నేను కొత్త రాయి కొనిచ్చాను, ఆ ఇంటివాళ్ళు డబ్బులు తీసుకోలేదు, నేనే బలవంతంగా ఇచ్చాను.

అది పేద ఇంటివాళ్ళు తెలీక చేసింది. తెలిసి చేసేవాళ్ళని ఏమనాలి? రెండేళ్ళ కిందట ప్రహరీ గోడ పని జరిగినప్పుడు కాంట్రాక్టరు మనుషులు పాత సమాధి రాళ్ళు కొన్ని సుత్తులతో పగలగొట్టి పునాదిలో వేశారు. నేను చూసి అరిచి గోల చేస్తే పని ఆపారు, అప్పటికే చాలా పోయాయి, మూడింటిని బయటికి తీయించగలిగాం, అవీ ముక్కలే. పని చూసుకుంటున్న పెద్దమనిషి 'పాత రాళ్ళే కదమ్మా, వాళ్ళ వాళ్ళెవరూ ఇప్పుడు లేరు కదా' అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వాళ్ళ వాళ్ళెవరూ లేరు కాబట్టే కదా మనం చూసుకోవాలి.

దొరల సమాధులు మనకెందుకు అనే మాట కూడా విన్నాను. పేరున్న రాయి దొరది కావచ్చు, పక్కన రాయి లేకుండా మట్టిదిబ్బగా ఉన్నది ఆ దొరకి వండిపెట్టిన మా తాత వాళ్ళ తాతది. రాయి చెరిపేస్తే దిబ్బ ఎక్కడుందో గుర్తు కూడా పోతుంది. చావుల పుస్తకంలో వరస ఉంది, తోటలో వరస ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఎవరెక్కడ ఉన్నారో చాలా వరకు తేల్చుకోవచ్చు. రాళ్ళు కదిపేస్తే అది ఇక ఎప్పటికీ కుదరదు. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూడ్డానికి జనం కార్లు వేసుకుని వెళ్తున్నారు, ఇక్కడ మన ఊళ్ళో మన తాతలవి గోడల్లో కలిసిపోతున్నాయి.

ఇప్పుడు మా విచారణలో కొత్త గుడి కట్టాలనుకుంటున్నారు, దానికి నేను అడ్డం కాదు. పండుగ రోజుల్లో జనం బయట ఎండలో నిలబడుతున్నారు, ముసలివాళ్ళకి కష్టంగా ఉంది, పెద్ద గుడి కావాలి, నా పింఛను లోంచి నేనూ చందా ఇచ్చాను. కానీ కట్టే ముందు చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, వీటికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు. జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, చావుల పుస్తకాలన్నిటినీ ముందుగా ఫొటోలు తీయించాలి, స్కానింగ్ చేయించగలిగితే మరీ మంచిది. ఇది నా సొంత కోరిక కాదు, 1917 నాటి మా సభ చట్టంలోనే ప్రతి ఏడాదీ నకలు బిషప్ గారి ఆఫీసుకి పంపాలని ఉంది, 1983 చట్టంలో పాత పుస్తకాలని జాగ్రత్తగా కాపాడాలని ఉంది. చట్టం ఉంది, బీరువాకి చెదలు కూడా ఉన్నాయి. 1969లో జనన మరణాల నమోదు చట్టం వచ్చే దాకా, ఆ తరవాత కూడా చాలాకాలం, మా పేటలో స్కూల్లో చేరాలన్నా, రైల్వే ఉద్యోగానికి వయసు చూపాలన్నా ఈ పుస్తకం లోంచి తీసిన కాగితమే ఆధారం. ఇప్పటికీ పాస్‌పోర్టుకి, పింఛనుకి పేర్లు కలవక టెన్షన్ పడేవాళ్ళు గుడికే పరిగెత్తుకొస్తారు, పోయిన నెల కూడా ఒకాయన ఒడిశా నుంచి వచ్చారు, తల్లి పేరు వెతుక్కుంటూ. దొరికింది. ఆయన ఆ పేజీని చేత్తో తాకి చాలాసేపు మాట్లాడలేదు.

సమాధి రాళ్ళకి కూడా ఒక లెక్క రాసుకోవాలి, కదపక తప్పనివాటిని పగలగొట్టకుండా గోడ పొడుగునా నిలబెట్టాలి, దేన్ని ఎక్కణ్ణుంచి తీశారో ఒక పటం గీసి ఉంచుకోవాలి. మా కుర్రాళ్ళు ఫోన్లలో ఫొటోలు తీసి మొదలుపెట్టారు, నలభై రెండు రాళ్ళయ్యాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ అక్షరాలు బాగా కనపడతాయని వాళ్ళే కనిపెట్టారు, కొన్నిటికి నీళ్ళు చల్లాలి. సుద్దముక్కలతో గానీ, బ్రష్షులతో గానీ రుద్దొద్దని చెప్పాను, మెత్తటి రాయి రాలిపోతుంది. మునిసిపాలిటీ వారు, జిల్లా అధికారులు పాత కట్టడాల జాబితా వేసేటప్పుడు చెరువు దాటి ఒకసారి ఇటు రావాలి. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఈ స్కాన్ కాపీలు ఒక సెట్టు పెట్టడానికి ఒప్పుకుంటే బిషప్ గారిని అడిగే బాధ్యత మాది.

మీరు కూడా ఒక పని చెయ్యాలి. ఎనభై దాటినవాళ్ళు మా పేటలో నాకు తెలిసి అయిదుగురున్నారు. ఒకాయన రెజిమెంటు బ్యాండులో క్లారినెట్ వాయించినాయన కొడుకు, ఆ పాటలు ఇంకా ఈల వేసి వినిపిస్తారు. ఒకావిడకి పేటలో ఏ ఇల్లు ఎవరిదో, ఎవరు ఎవరికి అమ్మారో అరవై ఏళ్ళ లెక్క నోటికి వచ్చు. మీ విలేఖరిని ఒకరోజు పంపండి, నేను వెంట ఉండి తిప్పుతాను. వేసవి లోపల పంపండి, ఆవిడకి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు.

కంటోన్మెంట్ నుంచి వేరే ఊళ్ళకి వెళ్ళిపోయినవాళ్ళు ఈ పత్రిక చదువుతుంటే, మీ ఇళ్ళలో పాత పెళ్ళి ఫొటోలు, పిల్లలు గుడిలో మొదటిసారి సత్ప్రసాదం పుచ్చుకున్ననాటి ఫొటోలు, రంగం నుంచి వచ్చిన ఉత్తరాలు, రైల్వే పాసులు, ఏవున్నా పారెయ్యకండి. ఒరిజినల్ ఇవ్వక్కర్లేదు, అక్కడికక్కడే ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. ప్రతి ఆదివారం పొద్దున్న ఏడు గంటల పూజ అయ్యాక వరండాలో కుడివైపు బెంచీ మీద నేను నోటు పుస్తకం పెట్టుకుని కూర్చుంటున్నాను. తొమ్మిదిన్నర దాకా ఉంటాను. ఏ మతం వాళ్ళయినా రావచ్చు, చింతచెట్టు కింద వండుకున్నవాళ్ళ పిల్లలు వస్తే మరీ సంతోషం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
కంటోన్మెంట్, విజయనగరం